చెమటకు అనుమతి పత్రం

మానవ నాగరికత ఇంతవరకు సాధించిన విజయాలలో అగ్రస్థానం, తమాలే పట్టణంలోని ఒక ఉన్నత పాఠశాల మొన్న మార్చిలో జారీ చేసిన పదిహేడో నంబరు ఉత్తర్వుకు దక్కాలి. అంతవరకు అక్కడి విద్యార్థులు ఎవరికి తోచినట్టు వాళ్ళు చెమట కార్చుకునేవారు. ఇకమీదట ముందస్తు అనుమతి తీసుకోవాలి.

ఉత్తర్వు చదవగానే రెండో ఏడాది తరగతి మొత్తం వున్పినీ వైపు తిరిగి చూసింది. (చూడకూడదని ఉత్తర్వులో లేదు.)

వున్పినీకి పదిహేనేళ్ళు. ఏడాదిగా ఆ పిల్ల చంకలు ఆ పిల్ల మాట వినడం మానేశాయి. పొద్దున, సాయంత్రం స్నానం చేసేది. నిమ్మచెక్కతో రుద్దుకునేది. సంచిలో ఇంకో చొక్కా పెట్టుకునేది. అయినా రెండో పీరియడు గంట కొట్టేసరికి నీలం చొక్కా మీద అటొక మడుగు, ఇటొక మడుగు. అందుకని మోచేతులు డొక్కలకు అతికించుకుని కూర్చునేది.

దానితో వచ్చిన చిక్కల్లా ఒకటే. మేడం సనాతు ప్రశ్న అడిగినప్పుడు జవాబు తెలిసీ చెయ్యి ఎత్తేది కాదు. కుమాసీలో జరిగే క్విజ్ పోటీకి చెయ్యి ఎత్తేవాళ్ళ నుంచే జట్టును తీస్తారు. కుమాసీ వెళ్ళాలని ఆ పిల్లకు ప్రాణం కొట్టుకుపోతోంది.

"ఫారం నింపి పారెయ్యవే. నేనూ నింపాగా" అంది పక్కన కూర్చునే తియుంబా.

"నీకు చెమటే పట్టదుగా?"

"అదే రాశా. రుజువు తెమ్మన్నారు."

ఫారం మూడు ప్రతులలో ఇవ్వాలి. 'వాసన స్వభావము: ఉల్లి, ఎండుచేప, ఇతరములు' అన్నచోట వున్పినీ చాలాసేపు ఆలోచించి 'ఇతరములు' దగ్గర గీత పెట్టింది. 'మొదట గమనించిన వ్యక్తి' అన్నచోట తియుంబా సంతకం చేసింది. (స్నేహమంటే అదే.) కానీ వున్పినీకి అరచేతులు కూడా చెమర్చేవి. సిరా అలుక్కుపోయింది. గుమాస్తా బావా కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఫారం పొడిగా సమర్పించాలి. రెండో పేజీ అడుగున రాసుంది" అన్నాడు. రెండో పేజీ అడుగు తడికి చిరిగిపోయింది. చివరికి చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని రాస్తే తీసుకున్నాడు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర మొక్కజొన్న ముద్ద కెలుకుతున్న తల్లితో, అనుమతి ఇచ్చేముందు విచారణకు రమ్మన్నారని చెప్పింది.

"దీనికి విచారణ ఏంటే! నీ ఈడులో నేనూ ఇంతే. అయినా మీ నాన్న చేసుకోలేదా?"

"ఆయనకి తెలీలేదా?"

"వాళ్ళది ఎండుచేపల వ్యాపారం. నేనే నయమనిపించుంటా."

వున్పినీ వారం రోజుల్లో మొదటిసారి నవ్వింది.

విచారణ సంఘంలో ముగ్గురు. హెడ్మాస్టరు సుగ్లో గారు, మేడం సనాతు, వాసనల అధికారి మహమదు గారు. మహమదు గారికి ఏదో జబ్బు చేసి పదకొండేళ్ళ కిందటే ముక్కు పనిచేయడం మానేసింది. (అందువల్ల ఆయన పక్షపాతం చూపారని ఎవరూ అనలేరు.) సాక్ష్యం బయటికి పోకుండా కిటికీలన్నీ మూశారు. మూసిన పది నిమిషాలకు కరెంటు పోయింది.

"చెయ్యి ఎత్తమ్మా" అన్నారు మహమదు గారు.

వున్పినీ కళ్ళు మూసుకుని ఎత్తింది. ఎంతసేపు ఎత్తి ఉంచాలో ఆయనకు గుర్తురాక నిబంధనల పుస్తకం తిరగేయసాగారు. మేడం సనాతు ఊరుకోలేకపోయింది. ఎదురుగా ఎత్తిన చెయ్యి కనిపిస్తే ప్రశ్న అడగడం ఆమెకు ఇరవై ఏళ్ళ అలవాటు.

"చెమట ఎందుకు పడుతుంది?"

"ఒళ్ళు చల్లబడ్డానికి మేడం. చెమటకి అసలు వాసనే ఉండదు. చర్మం మీదుండే సూక్ష్మజీవులు దాన్ని తింటే వస్తుంది."

సనాతు ఇంకొకటి అడిగింది. తర్వాత ఇంకో ఆరు. ఒక్కటీ తప్పలేదు.

"మరి ఇన్నాళ్ళూ చెయ్యి ఎందుకెత్తలేదే తల్లీ?"

"ఎత్తితే అందరికీ తెలిసిపోతుంది మేడం."

సనాతు క్విజ్ జాబితా తీసి పేరు రాసుకుంది. "చెయ్యి దించు. బుధవారం పొద్దున బస్సు."

వున్పినీ వరండాలోకి వచ్చింది. బుధవారానికి ఎన్ని రోజులో వేళ్ళ మీద లెక్కపెడుతూ తలుపు దగ్గరే నిలబడింది. లోపల మాటలు వినిపించాయి.

"అమ్మాయి వెళ్ళిపోయిందిగా, వాసన పోలేదేంటి?" హెడ్మాస్టరు గొంతు.

"నాకేం తెలీట్లేదండీ" అన్నారు మహమదు గారు.

కుర్చీ కిర్రుమంది. ఎవరో ముక్కు ఎగబీల్చారు, ముందు దూరంగా, తర్వాత సొంత చొక్కాలోకి తల దూర్చినట్టు బాగా దగ్గరగా.

"ఫారాలు ఇక్కడే ఉన్నాయి సార్. ఒక్కొక్కరికి మూడు ప్రతులు" అంది మేడం సనాతు.

మర్నాడు నోటీసు బోర్డు మీద పద్దెనిమిదో నంబరు ఉత్తర్వు వెలిసింది. వున్పినీ దాన్ని రెండుసార్లు చదివింది:

'విద్యార్థులయందు దుర్వాసనగా పరిగణింపబడునది, సిబ్బందియందు అనుభవముగా పరిగణింపబడును.'