ఐదు లక్షణాల నాయకుడు

నియోజకవర్గ ఇంచార్జి గోపాల్ రావు గారు జగిత్యాలలో విలేకరులను పిలిపించి, తమకు జబ్బు ఉందని సగర్వంగా ప్రకటించారు.

"నాకు ఏడీహెచ్‌డీ ఉన్నది, మనసు ఒక్కతాన నిలువదు. రీల్‌ల చూసిన. ఐదు లక్షణాలు చెప్పిండ్రు, నాకు ఆరున్నయి."

మార్కెట్ షెడ్ల హామీ ఏమైందని ఒక విలేకరి అడిగాడు.

"మరిచిపోవుడే మా జబ్బు లక్షణం. జబ్బు మనిషిని హామీలు అడుగుతరా?"

అంతటి వేదన ముందు విలేకరి పెన్ను మూసేశాడు.

ఆ వీడియో తీసింది శ్యాంసుందర్. సారు ఫేస్‌బుక్ పేజీ నడిపేది అతనే. పది లక్షల మంది చూశారని తెలియగానే సారు కోరుట్ల ఇంట్లో సోఫా మీద లేచి కూర్చున్నారు.

"ఇంకేమేం జబ్బులున్నయో చూడు శ్యామూ. వారానికొకటి వదులుదాం."

శ్యాంసుందర్ ఎవరిదో ఒక రీల్ చూసి పది నిమిషాల్లో రాసిచ్చాడు. సారు కెమెరా వైపు కరుణగా చూస్తూ చదివారు: "గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవుడు, బరువు తగ్గుడు. ఇది యాంగ్జైటీ. దవాఖానకు పోవద్దు. దినాం పది నిమిషాలు ఊపిరి బిగబట్టి వదలుండ్రి."

సిరిసిల్లలో మరమగ్గాలకు నూలు కండెలు చుట్టే శ్యాంసుందర్ అక్క రమ కూడా అది చూసింది. సంబరంగా ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ సారు చెప్పినయన్నీ నాకున్నయిరా! డాక్టర్ దగ్గరికి పోదామనుకున్న. ఇగ అక్కర్లేదు."

"మంచిదక్కా," అన్నాడు శ్యాంసుందర్. అప్పుడతను ఎంతమంది చూశారో చూసుకుంటున్నాడు.

రెండు నెలలు రమ బుద్ధిగా ఊపిరి బిగబట్టింది. మూడో నెలలో మరమగ్గాల షెడ్డులోనే కూలబడింది.

దవాఖానలో డాక్టర్ సుధ, పరుగున వచ్చిన శ్యాంసుందర్‌కు రిపోర్టు చూపించింది. "థైరాయిడ్ ఎక్కువైంది. గుండె మీదికొచ్చింది. ఇన్ని దినాలు ఎందుకు ఆగిండ్రు?"

రమ మంచం మీది నుంచే జవాబిచ్చింది. "యాంగ్జైటీ అని పెద్దసారు చెప్పిండు మేడం. మా తమ్మునిది తప్పేం లేదు, ఫోన్ పట్టుకుంటడు గంతే."

శ్యాంసుందర్ చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి సారు ఐదు కార్లతో పరామర్శకు వచ్చారు.

"వీడియో తియ్యి శ్యామూ. నా రీల్ చూసే దవాఖానకు వచ్చిందని చెప్దాం. చెల్లే, జర కండ్లల్ల నీళ్లు పెట్టుకో."

శ్యాంసుందర్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. డాక్టర్ సుధ మర్యాదగా అడిగింది. "సార్, మీకు కూడా జబ్బున్నదట గదా. ఏ డాక్టర్‌కు చూపించుకుంటున్నరు? ఏం గోలీలు వాడుతున్నరు?"

సారు నొచ్చుకున్నారు. "నాకేం జబ్బమ్మా? గుండ్రాయి లెక్క ఉన్న. ఎవడన్నడు?"

వెనకున్న కార్యకర్తలు చప్పట్లు కొట్టారు.

కారెక్కుతూ సారు శ్యాంసుందర్ భుజం తట్టారు. "మంచిగ ఎడిటింగ్ చేసి పెట్టు శ్యామూ."

"ఎట్లున్నది గట్లనే పెట్టిన సార్," అన్నాడు శ్యాంసుందర్.