తలకు దెబ్బ, నోటికి తాళం

తలకు దెబ్బ తగిలి బతికి బయటపడ్డవాళ్ళకు వైద్యలోకం చేస్తున్న ఉపకారాల్లో అన్నిటికన్నా గొప్పది ఏమిటో తెలుసా? ఒక విషయం గురించి పొరపాటున కూడా నోరు విప్పకపోవడం! ఏ విషయమని నన్నడక్కండి. తలుపు గడియ వేసుకున్నాక ఆలుమగల మధ్య ఉండేది. నాకూ సిగ్గే.

నమ్మకపోతే మా వీధి చివర టైలరమ్మ సంగతి వినండి. ఆమె భర్త ఏసీ మెకానిక్. నిచ్చెన మీంచి పడి తల పగిలింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. తర్వాత రిహాబ్ సెంటర్లో అన్నీ మొదటినుంచి నేర్పారు: చెంచా పట్టుకోవడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, మెట్లెక్కడం. పోయిన మాటల్ని ఒక్కొక్కటే వెతికి తెచ్చి నాలుక మీద పెట్టారు. ఆ చేతులకు దండం పెట్టాలి, ఇందులో వెటకారం లేదు.

ఇంటికి పంపేముందు ఒక థెరపిస్టు టేపు తెచ్చి ఇల్లంతా కొలిచింది. గుమ్మాలు, బాత్రూమ్ గడప, అన్నీ. పడకగదిలో డబుల్ కాట్ చూసి మొహం చిట్లించింది.

"రాత్రి దొర్లి పడతారండీ. పక్కన కమ్మీలున్న సింగిల్ కాట్ వేయించండి."

"మరి నేనో?" అంది టైలరమ్మ.

"మీకేంటండీ, మీరు ఎక్కడైనా పడుకోవచ్చు."

ఎంత సౌకర్యం! పెళ్ళయిన నాటినుంచి ఆవిడకింత స్వేచ్ఛ ఎవరైనా ఇచ్చారా?

ఆ మంచం మీద ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఈవిడ భుజం మీద చెయ్యి వేస్తే కరెంటు తగిలినట్టు పక్కకు జరిగేవాడు. నేనంటే మొహం మొత్తిందనుకుని ఆవిడ బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. రోజులు గడిచేకొద్దీ ఇద్దరి మధ్యా మందుల మాట తప్ప వేరే మాట లేకుండా పోయింది.

చివరికి సిగ్గు చంపుకుని ఫిజియోథెరపిస్టును అడిగింది. "కాళ్ళూ చేతుల వరకే నా డ్యూటీ అమ్మా, సైకాలజిస్టుని అడగండి" అన్నాడు. సైకాలజిస్టు చెవులు ఎర్రబడ్డాయి. "నర్సుగారైతే మీకు ఫ్రీగా ఉంటుందండీ" అన్నాడు. నర్సుగారు నిజంగానే ఫ్రీగా మాట్లాడింది: "మనిషి దక్కాడు, అది చాలదా తల్లీ? ఇంకా ఆ యావేంటి?"

చూశారా, ఎంత ఉన్నతమైన ఆలోచన! సన్యాసం కావాలంటే జనం అడవులు పట్టి పోయి ఏళ్ళకేళ్ళు తపస్సు చేయాలి. ఇక్కడ నిచ్చెన మీంచి పడితే చాలు, మొగుడికీ పెళ్ళానికీ కలిపి ఇస్తారు. పైగా ఎవరూ దీక్ష అడగలేదు!

తర్వాతి చెకప్‌లో పెద్ద డాక్టరుగారి ముందు కూర్చుని, పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అడిగింది. "మేం ఇదివరకట్లా... భార్యాభర్తల్లా ఉండొచ్చాండీ?"

"ఉంటున్నారు కదమ్మా, ఒకే ఇంట్లో" అన్నారాయన కంప్యూటర్లోంచి కళ్ళు తిప్పకుండా.

అప్పుడు పక్క కుర్చీలోంచి మెకానిక్, ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగాడు. "డాక్టర్... ఈవిణ్ణి దగ్గరికి తీసుకుంటే... తలలో నరం... మళ్ళీ చిట్లిపోద్దా?"

డిశ్చార్జి రోజున ఎవరో, ఉద్రేకపడొద్దు, బీపీ పెరగనివ్వొద్దు అన్నారట. మెషీన్లు రిపేరు చేసే మనిషి కదా, ఆ రెంటినీ కలిపి లెక్క తేల్చుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆవిడ విసుగనుకున్నది ప్రాణభయం!

"అబ్బే, మీకలాంటి భయమేం లేదు. నిక్షేపంలా ఉండొచ్చు" అన్నారు డాక్టరుగారు. అంతే, వైద్యం పూర్తయింది. మందు లేదు, స్కానింగ్ లేదు. "ఇంత చిన్న విషయం! ముందే ఎందుకు అడగలేదు మీరు?"

నిజమే, తప్పంతా వీళ్ళదే. మొగుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు, అక్కడే, డాక్టరుగారి ఎదుటే. ఆవిడ లేచి నిలబడింది.

"మోషన్ సాఫీగా అవుతోందా అని వచ్చిన ప్రతిసారీ అడిగారు కదండీ. అది మేం ముందు అడిగామా?"

డాక్టరుగారు బెల్లు నొక్కారు. తలకు కట్టుతో ఇంకో మనిషి, భార్య భుజం పట్టుకుని, లోపలికి వచ్చాడు.

"రావయ్యా, కూర్చో" అన్నారు డాక్టరుగారు ఆప్యాయంగా. "మోషన్ సాఫీగా అవుతోందా?"