గాలిలో కుళాయి

మా పట్టణంలో ఇకమీదట నీటి కొరత అన్న మాట ఎవరి నోటా వినిపించబోదని నీటి శాఖ మంత్రిగారు శుక్రవారం ఉదయం పదిన్నరకు ప్రకటించారు. ఒంటిగంట దాకా నిజంగానే ఎవరి నోటా వినిపించలేదు. మైకు అప్పటిదాకా ఆయన చేతిలోనే ఉంది.

ఇలా అన్నమాట నిలబెట్టుకునే నాయకుడు దొరకడం మన అదృష్టం. వీధి వీధికీ కుళాయి రాబోతోందని చెబితే చాలదు, జనం కళ్ళారా చూడాలి అన్నారాయన. మర్నాడే మా వార్డు నాలుగు రోడ్ల కూడలిలో మూతపడిన చెప్పుల షాపు అద్దాల గదిని పది రోజుల ప్రదర్శనకు మాట్లాడేశారు. పైపులు వేయడానికి పదేళ్ళు పడుతుంది. చూపించడానికి పది రోజులు చాలు. ఏది ముందు చేయాలో తెలిసినవాడే పాలకుడు.

ఆ చూపించే పని మా మనవరాలికి వచ్చింది. షాపుల ముందు అద్దాల గదులు అలంకరించే కంపెనీలో అయిదు నెలల కిందటే చేరింది. ఇన్నాళ్ళూ దాని పని బొమ్మలకు బట్టలు తొడగడం. వీధిలోంచి చూస్తే బొమ్మ పెళ్ళికొడుకులా ఉంటుంది, వెనక్కి వెళ్ళి చూస్తే చొక్కా నిండా గుండుసూదులు. అద్దం మీద వేలిముద్ర కనబడితే దానికి అన్నం సహించదు. అంత శ్రద్ధ!

"ఇది నీ మొదటి సొంత డిజైన్," అంది దాని బాసమ్మ. "పది రోజులూ మచ్చ లేకుండా నడిస్తే ఉద్యోగం పర్మనెంటు. మధ్యలో ఆగిందా, నువ్వు ఇంటికే."

పిల్ల వారం రోజులు కాగితాల మీద పడి దొర్లింది. చివరికి తయారుచేసిన వస్తువును చూసి నేను నోరెళ్ళబెట్టాను. గాలిలో ఓ ఇత్తడి కుళాయి. గోడ లేదు, గొట్టం లేదు, పైన తాడు లేదు. అందులోంచి కింద తొట్టిలోకి ధారగా నీళ్ళు!

"ఎలాగే?"

"ధార మధ్యలో అద్దంలాంటి పైపు ఉంది తాతయ్యా. కుళాయిని మోసేది అదే. తొట్టిలో మోటారు నీళ్ళను పైపులోంచి పైకి తోస్తుంది. అవి కుళాయి మూతిదాకా వెళ్ళి, పైపు చుట్టూ జారుతూ కిందికొస్తాయి. అవే నాలుగు బకెట్లు. తిరుగుతూనే ఉంటాయి."

తరవాత నన్ను రోడ్డవతలికి తరిమింది. ఏమీ తెలియనివాడిలా నడుచుకుంటూ రావాలి. అద్దం ముందు ఎన్ని సెకన్లు ఆగుతానో అది గడియారం పెట్టుకుని చూస్తుంది. వాళ్ళ పనిలో అసలు పరీక్ష అదేనట. బొమ్మల చొక్కాల ముందు నేనెప్పుడూ నాలుగు సెకన్లు దాటలేదు. కుళాయి ముందు రెండు నిమిషాలు నిలబడ్డాను.

"తాతయ్యా, తెలియనివాడిలా ఆగమంటే మరీ ఎక్కువ నటిస్తున్నావు."

"నటన కాదే తల్లీ. ఇన్ని నీళ్ళు ఒక్కచోట చూసి ఎన్నాళ్ళయిందో."

తెర తీసిన మొదటిరోజే జనం విరగబడ్డారు, బిందెలతో. మంత్రిగారి ముందుచూపు వల్ల అక్కడ అప్పటికే ఓ కానిస్టేబులు ఉన్నాడు. మా పక్కింటి టైలరమ్మ అతన్ని నిలదీసింది.

"ఏమయ్యా, ఓ బిందె పట్టుకోనివ్వవా?"

"అవి డిస్‌ప్లే నీళ్ళమ్మా."

"తాగితే దాహం తీరదా?"

"తీరితే ఇంక డిస్‌ప్లే ఏం మిగుల్తుంది? చూసుకుని పోండి. వెనకవాళ్ళు కూడా చూడాలి."

న్యాయమైన మాట. సాయంత్రానికి బోర్డు కూడా పెట్టారు: "నీళ్ళు చూచువారు వరుసలో రావలెను. బిందెలు బయట ఉంచవలెను."

అంతా సవ్యంగానే నడిచింది. చిన్న చిక్కల్లా, ధార చిందడం వల్ల రోజుకో బకెట్టు తరిగిపోయేది. మా వార్డుకు రోజు మార్చి రోజు ట్యాంకరు వచ్చేది. మా ఇంటి వంతు నీళ్ళలోంచి పిల్ల రెండు బకెట్లు తీసుకెళ్ళి తొట్టి నింపి వచ్చేది. మా కోడలు సణిగేది. "దేశానికి నీళ్ళు చూపించడానికి మా ఇంట్లో అంట్లు ఎండాలా?" ఎండనివ్వమన్నాను. పిల్ల ఉద్యోగం కన్నా అంట్లు ఎక్కువా?

ఆరోరోజు నీటి శాఖ ఇంజనీరుగారు దిగారు. చాలా నిజాయితీపరుడు, కొలవకుండా ఏదీ రాయడు. ధారకు బకెట్టు ఆనించి, సెకన్లు లెక్కపెట్టి, కాలిక్యులేటరు నొక్కారు. "నిమిషానికి అయిదు లీటర్లు. అంటే రోజుకు ఏడువేల రెండొందలు. శభాష్!"

మనవరాలు కంగారుపడింది. "సార్, అవి అవే నీళ్ళు సార్. మళ్ళీ మళ్ళీ తిరుగుతున్నాయి."

"ఎన్నిసార్లు పడితే అన్ని లీటర్లమ్మా. మీటరుకు పాత నీళ్ళా కొత్త నీళ్ళా అన్న పక్షపాతం లేదు."

"కానీ ఎవరికీ అందడం లేదు కదండీ!"

"అందించడం వేరే సెక్షన్. మాది సరఫరా."

రిపోర్టు ఆ రోజే పైకి వెళ్ళింది. ఫలానా వార్డులో ట్యాంకరుకు మించి సరఫరా జరుగుతున్నదని. ఏడోరోజు ఉదయం ట్యాంకరు రాలేదు. డ్రైవరుకు ఫోను చేస్తే, "మీకేంటండీ, పొద్దస్తమానం కుళాయి పారుతోందటగా. మాకూ ఓ క్యాను పంపించండి," అన్నాడు.

పిల్ల ఇంజనీరుగారి దగ్గరికి పరుగెత్తింది.

"సార్, ట్యాంకరు ఆపితే నా కుళాయి ఆగిపోతుంది సార్! దాని నీళ్ళు ట్యాంకరువే!"

ఇంజనీరుగారు కళ్ళజోడు తీసి జాలిగా చూశారు. "రోజుకు ఏడువేల లీటర్లు ఇచ్చే కుళాయికి ట్యాంకరు నీళ్ళెందుకమ్మా? చిన్నపిల్లవి, పని ఒత్తిడి. ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగి పడుకో."

మంచినీళ్ళు తాగమన్న సలహా పాటించే వీలు లేకపోయింది. పడుకోవడం కూడా కుదరలేదు. మా ఇంట్లో గిన్నెల అడుగున ఉన్నవన్నీ వంచి ఓ అరబకెట్టు పోగుచేసింది. ఎనిమిదోరోజు అది పోసింది. తొమ్మిదోరోజు టైలరమ్మ ఓ చెంబెడు తెచ్చిచ్చింది. "తీసుకోవే. నీ ఉద్యోగం నిలబడితే కనీసం చూడ్డానికైనా ఉంటాయి." ఆ మాట అన్నప్పుడు ఆవిడ పెదవులు పొలుసులు కట్టి ఉన్నాయి.

పదోరోజు ఉదయం మంత్రిగారు ఇతర దేశాల నీటి నిపుణులు అయిదుగురిని వెంటబెట్టుకుని వస్తున్నారు. వార్డు పెద్ద కావాలని నన్నూ అద్దాల గదిలో నిలబెట్టారు. నా పక్కన మనవరాలు, దాని పక్కన పర్మనెంటు కాగితం పట్టుకుని బాసమ్మ. కాగితం మీద సంతకం ఇంకా పడలేదు. కార్లు మలుపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే తొట్టిలో మోటారు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ధార దారమంతయి, బొట్లు బొట్లయి, నిలిచిపోయింది.

కుళాయి మూతి నుంచి తొట్టి దాకా ఖాళీ పైపు నిలబడి ఉంది, ఎండలో మెరుస్తూ.

"తాతయ్యా, అయిపోయింది," అంది పిల్ల.

మంత్రిగారు లోపలికి వచ్చారు. చూశారు. ఇంజనీరుగారు కాలిక్యులేటరు జేబులో దాచుకున్నారు. అప్పుడు నిపుణుల్లో పెద్దాయన వంగి, పైపును ఎగాదిగా పరిశీలించి, తల ఊపాడు.

"ఎంత నిలకడగా పడుతోంది! ఒక్క చుక్క చిందడం లేదు!"

"అదేనండి మా విధానం," అన్నారు మంత్రిగారు అరక్షణం కూడా తడుముకోకుండా. "చిందితే వృథా."

"చప్పుడు కూడా లేదే?"

"శబ్ద కాలుష్యం కూడా మా దృష్టిలో ఉంది."

"సార్, అది ఉత్త పై..." అనబోయింది మనవరాలు. బాసమ్మ దాని మోచేయి గిల్లింది.

మంత్రిగారు గ్లాసు తెప్పించారు. పైపుకు ఆనించి పట్టారు. కావలసినంతసేపు పట్టి, పైకెత్తి, కెమెరాల వైపు తిరిగి గటగటా తాగి, మూతి తుడుచుకున్నారు.

"చల్లగా ఉన్నాయి," అన్నారు.

నిపుణులు అయిదుగురూ తలా ఓ గ్లాసు తాగారు. ఒకాయన కాస్త ఉప్పదనం ఉందన్నాడు. ఇంజనీరుగారు అది వెంటనే రాసుకున్నారు. అప్పుడు మంత్రిగారు గ్లాసు నా చేతికి ఇచ్చారు.

"పెద్దాయనా, వార్డు ప్రజల తరఫున మీరు చెప్పాలి."

బాసమ్మ పెన్ను మూత తీసి నా మొహంలోకి చూస్తోంది. పిల్ల నేలచూపులు చూస్తోంది. అద్దానికి అవతల టైలరమ్మ ఖాళీ బిందెతో నిలబడి ఉంది. నా గొంతులో నాలుగు రోజుల నుంచి తడి లేదు.

గ్లాసు పట్టాను. ఎత్తాను. చప్పుడయ్యేలా తాగాను.

"అమృతం బాబూ," అన్నాను.

వెనక పెన్ను బరబరా కదిలింది. దాహం మాత్రం చచ్చినా తీరలేదు. ఇంకో గ్లాసు అడిగాను.

"ఒక్కొక్కరికి ఒక్కటే," అన్నారు ఇంజనీరుగారు. "వెనక చాలామంది ఉన్నారు."