వేటగాళ్ల సంఘంలో చెర్రీ రైతులు

పాఠకులారా! పంట తినేసే జంతువును ప్రభుత్వమే కాపాడటం కన్నా ప్రజాసంక్షేమం ఏముంటుంది? నమ్మరా? అయితే కంగారూల దేశంలో, విక్టోరియా కొండల్లోని డెల్మా హార్కోర్ట్ అదృష్టం వినండి.

డెల్మాది చెర్రీ తోట. ఏనాడో దొరలు వేట సరదా కోసం ఓడల్లో తెచ్చి వదిలిన జింకలు వేలకు వేలై, ఏటా ఆ తోటలో విందు చేసుకునేవి. కోతకు మనుషుల్ని వెతుక్కునే శ్రమ లేదు! బెరడు గీకి చెట్లను ఎండబెట్టేవి. కొమ్మలు కత్తిరించే పనీ తప్పింది! ఇంత సేవ ఎవరు చేస్తారు?

కుందేలూ నక్కా కూడా పరాయివే. కానీ అవి చట్టం లెక్కలో చీడ, ఎవరైనా చంపొచ్చు. జింక మాత్రం ‘వేట జంతువు’. దాని కొమ్ములు గోడకు అందం మరి! అందుకే లైసెన్సున్న వేటగాడు తప్ప ఎవరూ దాని మీద చెయ్యి వేయకూడదని చట్టం.

తాత నాటిన చెట్లు నలభై ఎండిపోయిన ఏడాది డెల్మా తోటలో కూలబడి ఏడ్చింది. జింకను కూడా చీడల్లో చేర్చమని అప్పటికే ప్రభుత్వానికి పదకొండు అర్జీలు పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు. ఇక ఆఫీసుకే వెళ్లింది.

“జింకల సంగతి వేటగాళ్ల సంఘం చెప్పాలి మేడం. మీరు ఉత్త రైతులే కదా!” అన్నాడు అక్కడి ఉద్యోగి.

ఎంత చక్కటి సలహా! డెల్మా తిన్నగా వెళ్లి ఆ సంఘంలో చేరింది.

“భలే! మొత్తానికి నీకూ వేట పిచ్చి పట్టిందన్నమాట!” అని మురిసిపోయాడు అధ్యక్షుడు క్లైవ్ పెటిగ్రూ. ఆమె వెనకే లోయలోని రైతులు అరవైమంది చేరారు. క్లైవ్ ఆనందం పట్టలేక అందరికీ సాసేజీలు కాల్చి పెట్టాడు.

వార్షిక సమావేశంలో డెల్మా లేచింది. జింకను చీడగా ప్రకటించాలని తీర్మానం పెట్టింది. అరవై ఒక్క చేతులు లేచాయి. పాతకాపులు ఇరవైమూడు మంది నోళ్లు తెరిచారు.

“ఇది మోసం డెల్మా! మీలో ఒక్కరికైనా తుపాకీ ఉందా?”

“సభ్యుడికి తుపాకీ ఉండాలని మీ రూల్సులో ఎక్కడుంది క్లైవ్? చదివి వినిపించు, నోరు మూసుకుని కూర్చుంటా.”

క్లైవ్ రూల్సు పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. ఎక్కడా లేదు!

సంఘం తీర్మానం రాజధానికి వెళ్లింది. ఎనిమిదో రోజుకే జవాబు వచ్చింది: “వేటగాళ్ల అభిప్రాయమే మాకు శిరోధార్యం. జింకకు రక్షణ తొలగిస్తున్నాం.”

ఉత్తరం చదివి డెల్మా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

చూశారా! ప్రభుత్వం జనం మాట వినదని ఎవరన్నారు? మన చేతిలో తుపాకీ ఉందనుకుంటే చాలు, ఎంత శ్రద్ధగా వింటుందో!