నిశ్శబ్దానికి షీల్డు

పిల్లలు నోరెత్తని క్లాసురూమే అసలైన క్లాసురూమని ఘంటాపథంగా చెబుతున్నాను! కాదనేవాళ్లు ఒకసారి ముక్తేశ్వరం అవతల మా ఊరి ప్రైవేటు స్కూలుకి రండి. నేనక్కడ కమిటీ మెంబర్ని.

మా హెడ్‌మాస్టరు ఆంజనేయప్రసాద్ గారు ప్రతి గదిలోనూ అల్లరి మీటరు పెట్టించారు. గోల పెరిగితే చాలు, ఎర్ర లైటు వెలిగి సైరన్ మోగుతుంది. ఆ మోతకి పక్క చేలో గేదెలు తాళ్లు తెంపుకున్న మాట నిజమే. అయితేనేం? క్రమశిక్షణ ఊరికే వస్తుందా?

వారం తిరక్కుండా పిల్లలు దగ్గడం మానేశారు. తుమ్ము వస్తే వరండాలోకి పరుగు. ఎక్కాలు సైగలతోనే అప్పజెప్పేవారు. పెద్ద ఎక్కాలకి వేళ్లు చాలక పక్కవాళ్ల వేళ్లు అరువు తెచ్చుకున్నారు. చూశారా, స్నేహం కూడా పెరిగింది!

ఇంత ప్రశాంతతనీ ఏడో తరగతి జాస్మిన్ పాడుచేసింది. అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉన్న గదికి షీల్డు ఇచ్చే రోజునే, సైన్సు పీరియడ్‌లో లేచి, "టీచర్, కొబ్బరికాయలోకి నీళ్లెలా వెళ్తాయండీ?" అని అడిగేసింది. కోనసీమలో పుట్టి అదేం ప్రశ్న? మేమెవరమైనా ఎప్పుడైనా అడిగామా?

సైన్సు చెప్పే లిడియా టీచరుగారు "చెట్టు వేళ్లు పీల్చిన నీరమ్మా..." అన్నారో లేదో సైరన్ అందుకుంది. ఆవిడ గొంతు తగ్గించారు. "వినపళ్లేదండీ!" అన్నాయి వెనక బెంచీలు. మళ్లీ సైరన్!

హెడ్‌మాస్టరుగారు పరుగెత్తుకొచ్చారు. "ఏవండీ లిడియా గారూ, షీల్డు ఇచ్చేది ఇవాళేనండీ. పాఠం రేపు చెప్పుకోవచ్చు కదండీ?"

"ఆయ్, మీ గదిని మేం ఇబ్బంది పెట్టం లెండి," అని ఆవిడ పిల్లలందర్నీ వెనక కొబ్బరితోటలోకి తీసుకెళ్లిపోయారు.

సాయంత్రం బడి వదిలే ముందు, ఆ క్షణానికి ఏ మీటరు ఎంత చూపిస్తోందో చూశాం. ఏడో తరగతి గదిలో సున్నా! షీల్డు దానికే. ఖాళీ బెంచీ మీద షీల్డు పెట్టి, దండ వేసి, "మిగతా గదులు దీన్ని చూసి నేర్చుకోవాలండీ" అని హెడ్‌మాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ గుసగుసలాడారు. నేను చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టాను.

కాబట్టి కమిటీకి నా సిఫార్సు ఇదీ: ఇకమీదట గదుల్లోకి పిల్లల్ని రానివ్వకూడదు. బడి పాడయ్యేది వాళ్ల వల్లే!

ఒక్కటే దిగులు. తోటలో వాళ్లు రాలిన కాయలు పగలగొట్టి, ఒకళ్లనొకళ్లు తోసుకుని, టీచరుగారితో వాదించి మరీ నేర్చేసుకుంటున్నారు. దాన్ని ఆపే మీటరు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.