సాక్ష్యానికి మేత

"ఇది నా ఇంటి అడ్వాన్సు గొడవ కాదు. ఇది ఆంధ్రదేశపు చీపురు ఆత్మగౌరవ సమస్య!"

రాష్ట్ర పరిశుభ్ర గృహ ప్రోత్సాహక మండలి ఛైర్మన్ శ్రీ నాగభూషణరావు గారు ఏలూరులో విలేకరుల సమావేశం పెట్టి ఈ ప్రకటన చేసినప్పుడు నేను మూడో వరసలో ఉన్నాను. నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఆయన వెనక ఫ్లెక్సీలో కూడా ఆయనే, చీపురు పట్టుకుని నవ్వుతున్నారు. చీపురుకి కొట్టువాళ్ళ ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. వాడితే మాసిపోతుందని కాబోలు.

కార్యకర్తలందరూ తలుపు వైపే చూస్తున్నారు. తలుపు తెరుచుకుంది. బిర్యానీ పొట్లాల అట్టపెట్టె లోపలికి వచ్చింది.

"నాగభూషణరావు గారి నాయకత్వం!" అని ముఖ్య అనుచరుడు శ్యామ్ సుందర్ గొంతెత్తాడు.

"వర్ధిల్లాలి!" అని హాలు దద్దరిల్లింది.

ఇది ఆ శిబిరంలో పాత పద్ధతి. పొట్లాలు వస్తేనే నినాదం. నినాదం వినబడిందంటే పొట్లాలు వచ్చినట్టే. గేటు అవతల సిగరెట్టు కాల్చుకునేవాడు కూడా ఆ కేక వింటే చాలు, చేతులు కడుక్కుని వచ్చేస్తాడు. ఇంత క్రమశిక్షణ సైన్యంలో కూడా ఉంటుందని నేననుకోను.

జరిగిన సంగతి మనవి చేస్తాను. ఛైర్మన్ గారిది తాడేపల్లిగూడెం. ఏలూరులో క్యాంపు ఆఫీసు కోసం ఊరి పక్కనే ఉన్న వట్లూరులో ప్రసన్నకుమారి టీచరు గారి మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నారు. కింద ముందు వాటాలో రిటైరైన టీచరు గారు ఉంటారు. వెనక వాటాలో నేను. ట్యూషన్లు చెప్పుకునే లెక్కల మాస్టారిని. ఒక మహానుభావుడి పాదాల కింద కాపురం చేసే భాగ్యం లెక్కల మాస్టార్లలో ఎందరికి దక్కుతుంది?

మండలి పని తప్ప ఏ పనైనా చేయించగలరని ఛైర్మన్ గారికి పేరు. అందుకని కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులవాళ్ళంతా ఆయన దగ్గరికే వచ్చేవారు. పెద్దమనిషిని చూడటానికి వాళ్ళు ఉత్త చేతులతో రారు. కొర్రమీను తెస్తారు. అదీ బతికున్నది, బకెట్లో నీళ్ళు పోసి, మీద తడి గోనెపట్టా కప్పి. చచ్చిన కొర్రమీను ఇవ్వడం కన్నా అసలు ఇవ్వకపోవడమే మర్యాద. అర్జీ కాగితం మెట్ల దగ్గరే ఆగిపోయేది. చేప పైకి వెళ్ళేది. మొదట స్నానాల గదిలోకి, అక్కడ చోటు చాలక డాబా మీది నీళ్ళ ట్యాంకులోకి.

మా అందరికీ ఆ ట్యాంకు నీళ్ళే. నేను స్నానం చేసి వీధిలోకి వస్తే పిల్లులు వెంట నడిచేవి. నాయకుడి ఇంటి కింద ఉంటున్నందుకు ఆ మాత్రం ఫాలోయింగు నాకూ వచ్చిందని సంతోషించాను.

ఛైర్మన్ గారు ఇంకా పెద్ద ఇల్లు చూసుకుని, ట్యాంకులో చేపల్ని తర్వాత తీసుకుపోవచ్చని వదిలి, ఇది ఖాళీ చేశారు. టీచరు గారు ఒకసారి పైకి వెళ్ళి, కొంగు ముక్కుకు అడ్డుపెట్టుకుని దిగి వచ్చి, అడ్వాన్సులో ఇల్లు కడిగించే ఖర్చు పట్టుకుని మిగతాది పంపేశారు. ఆవిడకి తొందర ఉంది. కూతురు సలోమికి ఏలూరు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. పసిబిడ్డతో పై వాటాలో దిగాలి. అప్పటిదాకా బిడ్డని పక్కింటివాళ్ళకి అప్పగించి, తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చిపోతోంది.

కోత అన్యాయమని ఛైర్మన్ గారు అద్దె వివాదాల అధికారికి ఫిర్యాదు చేశారు. అధికారి వచ్చారు, చూశారు, దగ్గారు. "ఇల్లు కడిగించక తప్పని స్థితిలో ఉన్నది. కోత న్యాయమే" అని తీర్పు ఇచ్చారు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో హెడ్డింగు: "పరిశుభ్రత ఛైర్మన్ ఇంటికి ఫినాయిలు!"

సరిగ్గా అప్పుడే ఛైర్మన్ గారి పదవి పొడిగింపు ఫైలు మంత్రి గారి బల్ల మీద ఉంది. ఫైలు పక్కనే ఆ పేపరు ముక్క కూడా ఉందని కబురొచ్చింది.

అప్పీలు!

ప్లీడరు హెన్రీ గారి గదిలో వ్యూహరచన జరిగింది. నన్ను సాక్షిగా వాడుకుందామని పిలిచారు కాబట్టి చెవులారా విన్నాను.

"ముందు ఒక్కటి తేలాలి సార్. చేపలు మనవేనాండీ?" అన్నారు హెన్రీ గారు.

"మనవే కదయ్యా."

"మనవైతే ఎవరిచ్చారు, ఎందుకిచ్చారని అడుగుతారండీ."

ఛైర్మన్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. "అయితే చేపలే లేవు."

"మరి వాసనండీ?"

"కొల్లేరు! దక్షిణపు గాలి! ప్రకృతి మీద కూడా క్లీనింగ్ చార్జీలు వేస్తారా?"

హెన్రీ గారు కళ్ళజోడు తీసి ఆయన వంక భక్తిగా చూశారు. "మీరు లా చదవాల్సింది సార్."

"అయితే ట్యాంకులోవి తీయించేయమంటారాండీ?" అని అడిగాడు శ్యామ్ సుందర్.

ఛైర్మన్ గారు విలవిల్లాడారు. కొర్రమీను అంటే ఆయనకి ప్రాణం. "ఎదిగే పిల్లల్ని మధ్యలో లాగేస్తావా? తీర్పు రాగానే కొత్తింటికి తీసుకుపోదాం. అందాకా వేళకి మేత చూసుకో."

హెన్రీ గారు స్టే తెచ్చారు. అప్పీలు తేలేవరకు పై వాటానీ, ట్యాంకునీ ఎవరూ కడగరాదు. కడిగితే సాక్ష్యం పోతుంది. ఆర్డరు కాపీ ఇవ్వడానికి ఆయనే స్వయంగా వచ్చారు.

"మెట్లైనా కడుక్కోనా బాబూ?" అని అడిగారు టీచరు గారు.

"మెట్లు కూడా సాక్ష్యమేనండీ, టీచరు గారూ. మీ చేతిలో ఆ ఫినాయిలు సీసా ఉందే, దాని మూత తిప్పినా ధిక్కారం కిందికే వస్తుందండీ."

మొదటి తీర్పు వచ్చిన రోజున కొనుక్కున్న సీసా అది. ఆవిడ దాన్ని కిటికీలో పెట్టారు. రోజూ దాని మీద దుమ్ము తుడిచేవారు. దుమ్ము మీద స్టే లేదు.

కూతురు ఫోన్ చేసేది. "ఎప్పుడు రమ్మంటావమ్మా? పిల్ల నన్ను చూసి ఎవరో అనుకుంటోంది."

"కోర్టువారు వాసన పోనిచ్చాక వద్దువుగాని తల్లీ."

శ్యామ్ సుందర్ మాత్రం వేళ తప్పకుండా వచ్చేవాడు, చికెన్ కొట్టు నుంచి క్యారీబ్యాగు నిండా వ్యర్థాలు మోసుకుంటూ.

"ఏవండీ, ఆ సంచేంటండీ?" అని ఒకసారి అడిగాను.

"సాక్ష్యానికి మేతండీ, మాస్టారూ."

డాబా ఎక్కేవాడు. ట్యాంకు మూత తీసిన చప్పుడు. వెంటనే "నాగభూషణరావు గారి నాయకత్వం!" అని కేక. కాసేపటికి, పలకడానికి మనుషులెవరూ లేరు కాబట్టి, "వర్ధిల్లాలి!" అని తనే పలికేవాడు.

"ఎవరూ లేనిచోట ఎందుకండీ అది?"

"ఆయ్, అలవాటండీ. తిండి పెట్టేటప్పుడు ఆ ముక్క అనకపోతే చెయ్యి కదలదండీ నాకు. మా ఇంట్లో పిల్లలకి వడ్డించినా అంతేనండీ."

ఎండకి సాక్ష్యం బాధపడకూడదని కొల్లేటి నుంచి నీళ్ళ మీద తేలే గుర్రపు డెక్క కూడా తెచ్చి ట్యాంకులో వేశాడు. నా వెంట ఇప్పుడు పిల్లులతో పాటు కుక్కలు కూడా నడుస్తున్నాయి.

అప్పీలు అధికారి రాజశ్రీ గారి ముందు విచారణ మొదలైంది. దక్షిణపు గాలి వాదనకి బలంగా హెన్రీ గారు గుండుగొలను వైపు నుంచి సాక్షుల్ని దింపారు. అందరూ చెరువులవాళ్ళే. "గాలి తిరిగితే మా ఇళ్ళల్లోనూ ఇదే వాసనండీ. మేవెక్కడా చేపలు దాచలేదండీ" అని ముక్తకంఠంతో చెప్పారు.

"మీ కాళ్ళ దగ్గర ఆ బకెట్లేంటి?" అన్నారు రాజశ్రీ గారు.

"ఛైర్మన్ గారిని చూడ్డానికి ఉత్త చేతులతో ఎలా వస్తామండీ?"

"వాటిలో ఏముంది?"

"నీళ్ళండీ!" అన్నారు హెన్రీ గారు లేచి నిలబడి.

ఒక బకెట్లో నీళ్ళు ఎగిరి మేడం గారి ఫైలు మీద పడ్డాయి. ఆవిడ కర్చీఫుతో ఫైలు తుడుచుకుని, "ఆ ఇల్లు నేనే వచ్చి చూస్తాను" అన్నారు. సాయంత్రానికి ఆ బకెట్లన్నీ మా మెట్లెక్కాయి.

తనిఖీ రోజున వీధి పండగలా ఉంది. "న్యాయం గెలిచింది" అన్న ఫ్లెక్సీ అప్పటికే కట్టేశారు. కార్యకర్తలు పొద్దుటి నుంచీ కింద నీడలో కూర్చున్నారు. భోజనాల వేళ దాటిపోతోంది. డాబా మీద మాత్రం రాజశ్రీ గారు, ఛైర్మన్ గారు, హెన్రీ గారు, శ్యామ్ సుందర్, టీచరు గారు, నేను. టీచరు గారి చేతిలో ఫినాయిలు సీసా ఉంది.

ట్యాంకు మూత తీశారు. నిండా గుర్రపు డెక్క. ఊదారంగు పువ్వు కూడా ఒకటి పూసింది.

"ఇదెలా వచ్చింది?"

"ఏదో కొల్లేటి పక్షి ముక్కున కరుచుకొచ్చి ఉంటుందండీ. ప్రకృతి!" అన్నారు హెన్రీ గారు.

రాజశ్రీ గారు కర్ర తీసుకుని నీళ్ళు కదిలించారు. ఏమీ లేదు. ఇంకోసారి కదిలించారు. ఏమీ లేదు. అలికిడి వింటే కొర్రమీను అడుక్కి పోయి బురదలా పడుకుంటుంది. ఆ తెలివికి దానికి ప్లీడరు అక్కర్లేదు.

ఆవిడ ఫైలు తెరిచారు. పైకి చదువుతూ రాయసాగారు. "ట్యాంకులో చేపలు కనబడలేదు. వాసనకు మూలం నిర్ధారణ కాలేదు. కావున కింది అధికారి తీర్పును..."

టీచరు గారు సీసాని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నారు.

ఛైర్మన్ గారి కళ్ళు చెమర్చాయి. "చూశారా టీచరు గారండీ? మీ మీద నాకేం కోపం లేదు. సత్యం అనేది ఎప్పటికైనా పైకి తేలుతుందండీ!"

ఈ మాటకి శ్యామ్ సుందర్ హృదయం పొంగిపోయింది. ఆపుకోలేకపోయాడు. పిడికిలి ఎత్తాడు.

"నాగభూషణరావు గారి నాయకత్వం!"

ట్యాంకులో నీళ్ళు కుతకుతమన్నాయి. గుర్రపు డెక్క రెండుగా చీలింది. పువ్వు మునిగిపోయింది.

ఎటు చూసినా నోళ్ళు. నల్లటి తలలు, ఒక్కొక్కటి నా మోచేతి లావున. అన్నీ శ్యామ్ సుందర్ వైపే తిరిగి, అన్నీ నోళ్ళు తెరుచుకుని.

"వర్ధిల్లాలి" అని ఎవరూ అనలేదు.

"దక్షిణపు గాలి..." అని మొదలుపెట్టి హెన్రీ గారు ఆగిపోయారు.

రాజశ్రీ గారి కలం గాల్లో ఉంది. "శ్యామ్ సుందర్ గారూ, ఇంకోసారి అనండి" అన్నారు నెమ్మదిగా.

ఛైర్మన్ గారు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. శ్యామ్ సుందర్ ఆయన వంక చూశాడు, మేడం గారి వంక చూశాడు. "అనకపోతే మీకు అవమానం కదండీ" అన్నాడు ఛైర్మన్ గారితో. అని, ఇందాకటి కన్నా గట్టిగా అరిచాడు. వీధి చివరి దాకా వినబడి ఉంటుంది.

చేపలు సగం ఒళ్ళు నీళ్ళ పైకి లేపాయి.

అదే క్షణంలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఒకడి వెనక ఒకడు, తోసుకుంటూ, కడిగిన చేతులు చొక్కాలకి తుడుచుకుంటూ కార్యకర్తలు డాబా మీదికి వచ్చేశారు. ముందున్నవాడు ఒగరుస్తూ నోరు తెరిచాడు.

"పొట్లాలొచ్చాయాండీ?"

రాజశ్రీ గారు ట్యాంకు వంక చూశారు. మెట్ల వంక చూశారు. తర్వాత ఫైల్లో ఇందాక రాసిన ముక్కని అడ్డంగా కొట్టేసి, కొత్త పేరా మొదలుపెట్టారు.

నా పక్కన టిక్కుమని చిన్న చప్పుడైంది. ప్రసన్నకుమారి టీచరు గారు సీసా మూత తిప్పారు.