ఆరుగురు పొలంలో, ఒకడు వంకలో

సోమవారం పదకొండు గంటలకు గార్లదిన్నె బస్సులో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వస్తారు. ఆయన సరే అంటే బడిలో ఓబులేసు అయ్యవారి ఉద్యోగం ఖాయం. కాదంటే, ఆ ఊరి మొట్టమొదటి బి.ఏ. మళ్ళీ నాయన వెనక కలుపు తీయడానికి పోవాలి. అందుకే పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బడికి బయలుదేరాడు.

ఇంగ్లీషు వ్యాకరణంలో భాషాభాగాలు ఎనిమిది. ఆరో తరగతిలో పిల్లలూ ఎనిమిదిమందే. రెండు వారాలు మొత్తుకున్నా ఎనిమిదీ ఒక్క బుర్రలోకి ఎక్కలేదు. ఓబులేసు రైతు బిడ్డ. కలుపుకు వచ్చిన కూలీలకు నాయన ఎలా పంచుతాడో అలాగే పంచేశాడు, తలా ఒక సాలు. నౌను కదిరప్పకు, వెర్బు మేరాజ్ బీకి, చివరి ఇంటర్‌జెక్షను దర్జీ మాబు సాబ్ కూతురు మదీనాబీకి. ఎవరిది వాళ్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా తయారుచేశాడు.

తెల్లవారుజామున వాన పడింది. యాభై రోజుల తర్వాత పడిన వాన. ఇన్‌స్పెక్టరుగారికి చల్లగా ఉంటుందని ఓబులేసు సంతోషించాడు. తొమ్మిదికి గంట కొట్టాడు. మదీనాబీ ఒక్కతే వచ్చింది.

"మిగతావాళ్లు యాడమ్మా?"

"చేన్లకు పోయినారు సార్. వానకు నేల పదునైంది కదా, శెనక్కాయ ఏస్తాండారు. మాకు చేను లేదు, అందుకే వచ్చినా."

ఓబులేసు పరుగెత్తాడు. మొదటి చేను బయ్యన్నది. బయ్యన్న విత్తే గొర్రు పట్టుకున్నాడు, కొడుకు కదిరప్ప ఎద్దుల్ని తోలుతున్నాడు.

"బయ్యన్నా, నీ కొడుకును ఒక్క గంట పంపించప్పా. నౌను వాడొక్కడికే వచ్చు!"

"నౌనో గీనో, పదును ఆరిపోతే నీ ఇన్‌స్పెక్టరు తెచ్చిస్తాడా అయ్యవారూ? ఎద్దులు నువ్వు తోలు, వాణ్ని తీసుకపో."

ఓబులేసు ములుకోల అందుకున్నాడు. "కదిరప్పా, పోయి మేరాజ్ బీని పిల్చుకోని, ఇద్దరూ బడికి పోండి. పోతా పోతా అందర్నీ పిల్చుకోండి!"

కదిరప్ప రంజాన్ బీ చేనికి పోయాడు.

"మా మేరాజ్ వస్తే గింజలెవరు ఇడుస్తారు, మీ అయ్యవారా? నువ్వు ఇడువు, అది పోతాది," అందామె.

కదిరప్ప గింజల ఒడి కట్టుకున్నాడు. మేరాజ్ బీ తిప్పయ్య చేనికి పోయింది. తిప్పయ్య కూడా అదే మాటన్నాడు. మేరాజ్ బీ ఆగిపోయింది, తిప్పయ్య కొడుకు పక్క చేనికి పోయాడు. ఆ పక్క చేనూ అంతే. పదకొండు గంటలకల్లా ఆరు భాషాభాగాలు పరాయి చేలల్లో ఇరుక్కున్నాయి. ఏడోవాడు నల్లమ్మ మనవడు మాత్రం ఖాళీ అయ్యాడు. దారిలో వంక పారుతుంటే చూశాడు. చొక్కా విప్పి దూకాడు.

బడి దగ్గర ఇన్‌స్పెక్టరు నూర్ అహమ్మద్ గారు బస్సు దిగారు. మదీనాబీ తన సాలు తాను గడగడా అప్పజెప్పేసింది. తర్వాత తనిఖీ పుస్తకం చంకలో పెట్టుకుని, మిగతా సాళ్లు ఎవరెవరివో చెబుతూ, వంకలో ఈదేవాణ్ని చూపిస్తూ ఆయన్ని చేలకు తీసుకొచ్చింది.

అక్కడ అప్పటికే రగడ.

"మా వాణ్ని నీ చేన్లో యాల పెట్టుకున్నావు?" అని బయ్యన్న గట్టు మీంచి అరుస్తున్నాడు.

"మీ అయ్యవారినే అడగప్పా! నా బిడ్డ యాడుందో నాకే తెల్దు!" అంటోంది రంజాన్ బీ.

మోకాళ్లదాకా బురదతో ఓబులేసు చేతులు కట్టుకున్నాడు.

"మీ వెర్బు ఎక్కడండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"తిప్పయ్య చేన్లో ఉందంట సార్."

"నౌను?"

"రంజాన్ బీ చేన్లో సార్. నేను... నౌను స్థానంలో ఉన్నాను సార్."

ఇన్‌స్పెక్టరు వంగి పిడికెడు మన్ను తీసి నొక్కారు. ఉండ కట్టింది. ఆయన మొహం మారింది.

"వాన సోమందేపల్లె పక్క కూడా పడినాదా?"

"లారీవాళ్లు చెప్పినారు. ఆడ ఇంకా జోరంట," అన్నాడు బయ్యన్న.

"అయ్యో! మాది ఆడ నాలుగెకరాలు ఉండాది. మాయమ్మ ఒక్కతే ఉండాది. గొర్రు ఎవరిస్తారో ఏమో!"

పుస్తకాన్ని ఎద్దు మూపు మీద పెట్టి నాలుగు ముక్కలు గీకి, సంతకం చేసి, పంచె ఎగ్గట్టి రోడ్డుకేసి పరుగులాంటి నడక నడిచారు.

ఓబులేసు చదివాడు: "ఆరో తరగతి. ఎనిమిది భాషాభాగాల్లో ఆరు పనిలో ఉన్నవి. ఒకటి వంకలో కనబడినది. ఒకటి నాకు దారి చూపినది. పిల్లవాడి పనిలో తానే నిలబడిన ఉపాధ్యాయుని ఖాయపరచవచ్చును."

"ఏమి రాసినాడు?" అన్నాడు బయ్యన్న.

"ఖాయమంట!"

"మంచిది. ఎద్దులు నిలబడినాయి, తోలు."

ఆ రోజు ఆ ఊళ్లో ఇంగ్లీషు వాక్యం ఒక్కటీ పూర్తి కాలేదు గానీ, పొద్దుగూకేసరికి విత్తడం మాత్రం పూర్తయింది.